జేడుఱాయి – సాననుండి విద్యుద్యంత్రము వఱకు



ఈ వార్షిక మహాసభా సంచికకు నొక చారిత్రక వ్యాసమును వ్రాసి యిమ్మని సంఘ కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేనేదియో యొక రాజవంశ ప్రశస్తినో శాసన పాఠమునో యెత్తుకొందునని వారు తలంచియుందురు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొన్నవానికి నదియే సులభమైన త్రోవ. కాని గత సంవత్సరము మా యింటికి వచ్చిన యొక యువకుడు నన్నడిగిన ప్రశ్న నన్ను విడువకున్నది. దానికి బదులు చెప్పబూనియే యీ చరిత్రను వెదకితిని. కావున నా ప్రశ్నతోనే యారంభించెదను.

ఆ యువకుడు నా పూర్వశిష్యునకు తమ్ముడు. వారి తాతతండ్రులు నల్లఱాతి విగ్రహములను చెక్కి జీవించినవారు. అతడు హైదరాబాదునందలి సాలార్జంగు మ్యూజియమున జేడుఱాతి వస్తువులను జూచి, ఆ ఱాతితో చిన్న పతకములు, ఉంగరములు, అంగుష్ఠమాత్ర వినాయక ప్రతిమలు చేయవలెనని యుత్సాహపడుచున్నాడు. "మాస్టారూ! 50,000 రూపాయలు అప్పు దొరకునట్లున్నది. ఏ యంత్రము కొనమందురు?" అని యడిగెను. "మీ యన్న యెట్లున్నాడు నాయనా?" అని నేనడిగితిని. అతడు తల వంచుకొని, "మేడ మెట్లెక్కలేకున్నాడండీ" అనెను.

ఆ యన్న నాయొద్ద పదవ తరగతి వఱకు చదివిన బుద్ధిమంతుడు. చదువు చాలించి, యొక వర్తకుడు జేడు అని చెప్పి యమ్మిన పచ్చఱాతిని, అదే వర్తకుడు అంటగట్టిన పొడిసాన యంత్రముతో, కిటికీ లేని రేకుల కొట్టములో నెనిమిదేండ్లు అఱగదీసినాడు. ముఖమునకు తువాలు చుట్టుకొనుటయే వాని రక్షణ. దగ్గు తగ్గకపోవుటచే వైద్యులు ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులలో ఱాతిధూళి పేరుకొన్నదనియు, అది మఱల వెలికి వచ్చునది కాదనియు చెప్పిరి. ఆ ఱాయి జేడు కాదనియు, పచ్చని స్ఫటికజాతి ఱాయి యనియు తరువాత దెలిసినది.

యంత్రమును గూర్చిన ప్రశ్నకు యంగడివాడు చెప్పు సమాధానము వేఱు. చరిత్ర చెప్పు సమాధానము వేఱు. రెండవదానిని నాకు దెలిసినంతవఱకు విన్నవించెదను.

శిలాస్వభావము

జేడునకు మన భాషలో ప్రాచీనమైన పేరు లేదు. మన రత్నశాస్త్రములలోని మరకతము వేఱొక మణి. దానిని జేడుతో గలుపరాదు. పారసీకులు దీనిని యశబ్ అనిరి. మొగలు దర్బారులోను నా పేరే వాడుకయయ్యెను. జేడు అను పేరు స్పెయిన్ దేశపు మాటనుండి పుట్టినది. పదునాఱవ శతాబ్దమున మెక్సికో ప్రాంతమునుండి యీ ఱాతిని గొనిపోయిన స్పెయినువారు, దీనిని నడుమున గట్టుకొన్న ప్రక్కనొప్పి పోవునని నమ్మి, "ప్రక్కఱాయి" యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. నెఫ్రైటు అను మఱియొక పేరును మూత్రపిండములకు సంబంధించిన గ్రీకు మాటనుండియే వచ్చినది.

ఒకే పేరితో పిలువబడుచున్న యీ ఱాతిలో రెండు వేర్వేఱు ఖనిజములున్నవని 1863లో దమూర్ అను ఫ్రెంచి ఖనిజశాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఒకటి నెఫ్రైటు: సున్నము, మెగ్నీషియము, ఇనుము గల సిలికేటు. రెండవది జేడైటు: సోడియము, అల్యూమినియము గల సిలికేటు. చీనావారు సహస్రాబ్దులుగా మలచినదియు, మొగలులు మలచినదియు మొదటిది. బర్మానుండి చీనాకు విరివిగా బోయిన మిసిమిపచ్చ రెండవది.

వజ్రమునకు 10 అంకెయు, స్ఫటికమునకు 7 అంకెయు నిచ్చు కాఠిన్యపు కొలతలో నెఫ్రైటు 6 మొదలు 6.5 వఱకు, జేడైటు 6.5 మొదలు 7 వఱకు నుండును. అనగా నిది మిక్కిలి కఠినమైన శిల గాదు. కాని దీని దార్ఢ్యము వేఱు. నెఫ్రైటులో సన్నని పోగులు కంబళిలోని యున్నివలె నొకదానినొకటి పెనవేసికొని యుండును. నల్లఱాతిపై నులి దెబ్బ వేసిన పలుకుపలుకుగా నూడును. దీనిపై వేసిన నులియే వెనుకకు ద్రుళ్లును. సుత్తితో గొట్టినను సులభముగా పగులదు. కావున జేడును జెక్కుట యను మాట వాడుకకే గాని యథార్థము గాదు. దీనిని చెక్కరు, అఱగదీయుదురు. తనకంటె కఠినమైన పొడి నీటితో గలిసి దీనిని ఒరసికొని పోవలెను. ఉలికి బదులుగా నిసుకయే పనిచేయుచున్నదన్నమాట. ఇనుపచక్రమైనను, దారమైనను, విద్యుద్యంత్రమైనను ఆ పొడిని ఱాతిపై నడిపించు వాహనములు మాత్రమే. ఈ యొక్క మాట గుర్తుంచుకొన్నవానికి తక్కిన చరిత్ర యంతయు సుబోధమగును.

కాలితో ద్రొక్కిన చక్రము

చీనాదేశమున యాంగ్ట్సీ నదీముఖ ప్రాంతమున, నేటి హాంగ్‌చౌ నగరమునకు సమీపమున, సుమారు క్రీ.పూ. 3300 మొదలు 2300 వఱకు విలసిల్లిన లియాంగ్‌చు నాగరికతవారు నడుమ రంధ్రము గల జేడు బిళ్లలను, వెలుపల చతురస్రముగను లోపల వృత్తముగను నుండు గొట్టములను మలచిరి. వారికి లోహపు పనిముట్లు లేవు. తడియిసుక పూసిన త్రాడును ముందు వెనుకలకు లాగి ఱాతిని గోసిరి. గొట్టపు బరమాను ఇసుకతో ద్రిప్పి రంధ్రములు దొలిచిరి. త్రాడు కోసిన వంకరగీతలు నేటికిని ఆ ఱాళ్లపై గనబడుచున్నవి.

కాలక్రమమున లోహచక్రము వచ్చెను. 1637లో సుంగ్ యింగ్‌షింగ్ అను చీనా పండితుడు తన దేశపు వృత్తులనన్నింటిని వర్ణించుచు రచించిన "థియెన్‌కుంగ్ ఖాయివు" అను గ్రంథమున జేడుపనిని గూడ వివరించెను. ఆ యంత్రము చూడ సామాన్యమైనది. ఒక బల్లపై నడ్డముగా కొయ్య యిరుసు. దాని కొనయందు పలుచని యినుపచక్రము. ఇరుసునకు జుట్టిన పట్టెలు రెండు క్రిందనున్న రెండు తొక్కుడుచెక్కలకు గట్టబడియుండును. పనివాడు కాళ్లతో నొకదాని తరువాత నొకదానిని ద్రొక్కగా చక్రము ఒకమాఱు ముందునకు, ఒకమాఱు వెనుకకు దిరుగును. చక్రము క్రింద నీరును నిసుకయు గల తొట్టి. ఒక చేత ఱాతిని చక్రమునకానించి, రెండవ చేత తడియిసుకను దీసి యందించుచుండవలెను.

ఈ యంత్రమున మూడు గుణములను గమనింపుడు. మొదటిది, పనిముట్టు స్థిరముగా నుండి ఱాయి చేతిలో గదలుచున్నది. రెండవది, వేగము పనివాని పాదమున కధీనమైయున్నది. ఒక క్షణములో దగ్గింపవచ్చును, నిలుపవచ్చును. మూడవది, పని యంతయు నీటితో జరుగుచున్నది; పొడి యెగిరి ముక్కున బడుట తక్కువ. యంత్రము కొనబోవువాడు నేడును అడుగవలసిన ప్రశ్నలు ఈ మూడే.

ఇట్టి చక్రములతోడను బరమాలతోడను చీనావారు చిన్న యుంగరములు మాత్రమే గాదు, పర్వతములనే మలచిరి. ఖోటాను ప్రాంతమునుండి దెచ్చిన మహాశిలపై, యూ చక్రవర్తి వఱదలను అణచిన కథను యాంగ్‌చౌ నగరపు పనివారు మలచిరి. 1787లో ముగిసిన యా శిల్పము 224 సెంటీమీటర్ల యెత్తు గలిగి, నేడు బీజింగు రాజప్రాసాద మ్యూజియమున నున్నది. అందులకు సంవత్సరములు పట్టినవి. విద్యుత్తు మాత్రము లేదు.

హిందూస్థానపు సాన

ఖోటాను నదులలో దొరకిన యా తెల్లజేడే కనుమలు దాటి మన దేశమునకును వచ్చెను. తైమూరు వంశీయులకు జేడుపై మక్కువ యెక్కువ. సమరఖండునందు తైమూరు సమాధిపై నుంచినది ముదురుపచ్చ జేడుశిల. ఆ మక్కువ వారి సంతతియగు మొగలులకు సంక్రమించినది. షాజహాను కొఱకు 1657లో జేసిన తెల్లజేడు పానపాత్ర, అడుగున పద్మమును, పిడికి మేకతలయు గలది, లండను విక్టోరియా–ఆల్బర్టు మ్యూజియమున నున్నది. సాలార్జంగు మ్యూజియమున షాజహాను విలుకాని యుంగరము, జహంగీరు వేటకత్తి, నూర్జహాను ఫలములు గోయు చాకు, ఇల్తుత్మిష్ పేరు గల పుస్తకపీఠము మున్నగునవి యున్నవి. 1951లో ఆ మ్యూజియము ప్రజలకు దెఱువబడినది మొదలు లక్షలాది తెలుగువారు వీనిని జూచియున్నారు. వీనిని మన పూర్వులే చేసిరని నేను చెప్పబోను. వీనిని చేసిన పనివారలలో పెక్కండ్ర పేర్లు మనకు దక్కలేదు. తెలియనిదానిని మనదిగా జెప్పికొనుట సంచికలలో నలవాటైనను, చరిత్రకు దగదు.

కాని యొక సంబంధము మాత్రము నిస్సందేహముగా దక్షిణదేశమునకు జెందినది. హిందూస్థానపు రత్నపరిష్కర్తల పనిముట్టు కమానుతో ద్రిప్పు సానచక్రము. సంస్కృతమున శాణము, దాని తద్భవమే మన సాన. ఆ చక్రము కరగించిన లక్కలో కురువిందపు పొడిని గలిపి చేసినది. కురువిందము కాఠిన్యమున 9, వజ్రమునకు దరువాతిది. మన ఖమ్మము, అనంతపురము ప్రాంతములందు నది దొరకును. ఇంగ్లీషువారు దానిని "కొరండము" అనుట దక్షిణదేశపు మాటను వినియే. మన పల్లెలలో కత్తులు నూరుకొన్న ఱాతి పేరు ప్రపంచ ఖనిజశాస్త్రములో నిలిచిపోయినది. ఈ పేరు మఱొక మాఱు మనకెదురగును.

మొగలు జేడుపాత్రలు చీనాకు బోయి చియన్‌లుంగ్ చక్రవర్తిని ముగ్ధుని జేసినవి. కాగితమువలె పలుచనైన వాని గోడలను జూచి, హిందూస్థానమువారు ఇసుక లేకయే కేవలము నీటితో సానబట్టుదురని యతడు నమ్మెను. అది పొరపాటు. నీరు కోయదు, పొడి కోయును. నీరు చల్లబఱచును, పొడిని నడిపించును, మురికిని గడిగివేయును. పూర్తియైన వస్తువును మాత్రమే చూచువాడు, చక్రవర్తియైనను, పని యెట్లు జరిగినదో యూహింపలేడు. యంగడిలో మెఱయు యంత్రమును జూచి మోసపోవుటయు నిట్టిదే.

నదీప్రవాహమును విద్యుత్ప్రవాహమును

న్యూజీలాండు దేశపు మావోరీ జాతివారు తమ జేడును "పౌనము" అందురు. వారును లోహము లేకయే, ఇసుకఱాతి పలకలతోను నీటితోను నెలలతరబడి యొరసి, గొడ్డండ్రను కంఠపతకములను చేసిరి. అది వారికి ధనము మాత్రమే గాదు. తరతరములకు సంక్రమించు వంశగౌరవము. 1997లో నా దేశపు చట్టము దక్షిణద్వీపపు పౌనము స్వామ్యమును ఙాయి తాహు తెగవారికి మఱల నిచ్చినది.

పందొమ్మిదవ శతాబ్దాంతమున నా ఱాయియే ఓడలెక్కి జర్మనీదేశపు ఇదార్–ఓబర్‌స్టైన్ పట్టణమునకు బోయెను. అచ్చట సెలయేటి నీటితో దిరుగు నిలువెత్తు ఇసుకఱాతి చక్రములుండెడివి. పనివారు బల్లలపై బోర్ల బరుండి, కాళ్లను వెనుక దన్నిపట్టి, దేహబలమంతయు జూపి ఱాతిని చక్రమున కదుముచుండిరి. వేగము పెరిగెను, ధూళియు బెరిగెను. ఊపిరితిత్తుల వ్యాధి వారికి వృత్తివ్యాధియయ్యెను. మన దేశమున ఖంభాతు పట్టణపు అకీకుఱాతి పనివారి గతియు నట్టిదే. తొందర యెచ్చట నూపిరిని మించునో యచ్చట పనివాడు చెడును.

1891వ సంవత్సరము మన చరిత్రలో జ్ఞాపకముంచుకొనదగినది. ఆ సంవత్సరమున పెకింగు నగరమున లీ చెంగ్‌యువాన్ అను చిత్రకారుడు కాలిచక్రముతో జరుగు జేడుపని నంతయు బొమ్మలుగా వ్రాసెను. అదే సంవత్సరమున అమెరికాలో ఎడ్వర్డు ఆచెసన్ అను నతడు మట్టిని బొగ్గును విద్యుత్తుతో గాచి, కురువిందమును మించిన కాఠిన్యము గల పదార్థమును గనుగొనెను. అది బొగ్గును కురువిందపు ధాతువును గలిసిన దని పొరపడి, కార్బను, కొరండము అను రెండు మాటలను గలిపి "కార్బొరండము" అని పేరిడెను. వస్తువు సిలికాను కార్బైడు. పేరిలో మాత్రము మన దక్షిణదేశపు మాట నిలిచినది. నేడు సానకాగితము కొన్నవారిలో పలువురు దానినే తాకుచున్నారు. ఒక యుగము చిత్రింపబడుచుండగనే దానిని మార్చు వస్తువు వేఱొక ఖండమున బుట్టుచుండెను.

1954 డిసెంబరు 16వ తేదీని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ కృత్రిమవజ్రమును జేసెను. క్రమముగా వజ్రపు పొడి సామాన్య పనివానికిని అందుబాటులోనికి వచ్చెను. 1950 తరువాతి దశకమున చీనాలోని చిన్న పనిశాలలు సహకార సంఘములుగా గలిసి, తొక్కుడుచెక్కల స్థానమున మోటారులు చేఱెను. ఇసుకను చేత నందించు పని పోయి, వజ్రపుపొడి పనిముట్టునకే యంటుకొని వచ్చెను. పొడి మాఱినది, బలము మాఱినది. ఒరపిడి మాఱలేదు, నీరు మాఱలేదు, ఓర్పు మాఱలేదు.

యంత్ర నిర్ణయము

ఇప్పుడా యువకుని ప్రశ్నకు వచ్చెదను. చేతిలో నిముడు చిన్న శిల్పములు చేయువానికి నేడు దొరకు యంత్రములు ముఖ్యముగా నాలుగు తెగలు.

మొదటిది స్థిరమైన యిరుసు గల యంత్రము. వజ్రపు బిళ్లను ఇరుసున బిగించి, ఱాతిని రెండు చేతులతో బట్టి దాని కానింపవలెను. ఇది చీనా కాలిచక్రమునకు సాక్షాత్తు మనుమడు. స్థూలరూపము తీయుటకు దీనికి మించినది లేదు.

రెండవది మోటారును పైన వ్రేలాడగట్టి, వంగు కడ్డీ ద్వారా చేతిపిడికి బలము వచ్చు యంత్రము. ఫ్లెక్సిబుల్ షాఫ్టు అందురు. కంసాలి దుకాణములలో నిది మన వారెఱిగినదే. కాలితో ద్రొక్కు రెగ్యులేటరు దీనికి గలదు. మోటారు నీటికి దూరముగా నుండుట దీని సుగుణము.

మూడవది పిడిలోనే చిన్న మోటారు గల మైక్రోమోటారు. నిమిషమునకు 30,000 చుట్లకు పైగా దిరుగును. చేతి కదురు లేక సన్ననిపనికి హాయిగా నుండును. కాని మోటారు చేతిలోనే యుండుటచే నీరు పిడిలోనికి జొరకుండ జూచుకొనవలెను.

నాలుగవది దంతవైద్యులు వాడు గాలితిరుగుడు. ఇది నిమిషమునకు మూడు లక్షల చుట్లకు పైగా దిరుగును. బలము మాత్రము స్వల్పము. వెండ్రుకగీతలకే పనికివచ్చును, ఱాతిని తొలగించుటకు గాదు. మొదటి యంత్రముగా దీనిని కొనువాడు అప్పునే మిగుల్చుకొనును.

ఇండ్లు కట్టు పనివారు వాడు చేతిగ్రైండరును ఈ పట్టికలో జేర్పలేదు. అది పొడిగా దిరిగి దుమ్మును చిమ్మును. చిన్న ఱాతిని వేడెక్కించి తెల్లమచ్చలు దెచ్చును. చేయి జారిన వ్రేలు పోవును.

ఇక వేగమును గూర్చి. వర్తకుడు చుట్ల సంఖ్యను జెప్పి మురిపించును. బడిపంతులు మాత్రము గుణకారము చేయును. ఱాతికి దగులునది పనిముట్టు అంచు. కావున చూడవలసినది అంచువేగము. వ్యాసమును 3.14 చేతను, నిమిషమునకు దిరుగు చుట్ల చేతను గుణించి 60 చేత భాగించిన సెకండునకు అంచువేగము వచ్చును. 2 మిల్లీమీటర్ల బిట్టు 30,000 చుట్లు దిరిగిన నంచువేగము సెకండునకు సుమారు 3 మీటర్లు. 20 మిల్లీమీటర్ల బిళ్లను అదే పిడికి దగిలించిన 31 మీటర్లు. 100 మిల్లీమీటర్ల చక్రము 3,000 చుట్లు దిరిగినను 16 మీటర్లే. అనగా చిన్న బిట్టునకు హెచ్చు చుట్లు, పెద్ద చక్రమునకు తక్కువ చుట్లు. ఈ లెక్క దెలియక పెద్ద బిళ్లను వేగపు పిడికి దగిలించినచో కాడ వంగి బిళ్ల యెగిరిపోవును. బిళ్లపై వ్రాసిన గరిష్ఠవేగమును ఎన్నడును మీఱరాదు.

బిట్లు రెండు విధములు. వజ్రపుపొడిని నికెలుపూతతో నొక్కపొరగా నంటించినవి చౌక. ఆ పొర యఱిగిన నంతటితో సరి. పొడిని లోహముతో గలిపి పోతపోసినట్లు చేసినవి ప్రియము; అఱిగినకొలది లోనినుండి క్రొత్తపొడి పైకి వచ్చును. నేర్చుకొను దినములలో మొదటివి, చేయి కుదిరినపిమ్మట తఱచు వాడు రూపములలో రెండవవి కొనుట లాభము.

మెఱుగు విషయమున తొందరపడినవాని పని యంతయు వ్యర్థమగును. నెఫ్రైటులోని పోగులు అన్నియు నొక్కరీతిగా నఱగవు. వేడితోను మెత్తని గుడ్డచక్రముతోను దొందరపఱచిన నుపరితలము నారింజతొక్కవలె గుంటలు పడును. 220, 400, 600, 1200, 3000 అను క్రమమున తడి సానకాగితములతో, ముందటి గీతలు పూర్తిగా బోయినదాక తరువాతి మెట్టెక్కక, చివఱకు కొయ్యపైగాని తోలుపైగాని వజ్రపు లేపనముతో మెఱుగు పెట్టవలెను. ఒక మెట్టు దాటవేసినవాడు మఱల నా మెట్టునకే దిగివచ్చును.

యంత్రమునకు ముందు ఱాయి

యంత్రమునకంటె ముందు పరీక్షింపవలసినది ఱాయి. స్ఫటికజాతి పచ్చఱాళ్లును, మెత్తని సర్పెంటైను ఱాళ్లును జేడు పేర సంతలో నమ్ముడగుచున్నవి. దీనికి పాఠశాలలో మనము చెప్పిన ఆర్కిమిడీసు సూత్రమే చాలును. ఱాతిని గాలిలో తూచి, దారముతో నీటిలో వ్రేలాడదీసి మఱల దూచి, మొదటి తూకమును తగ్గిన తూకముచే భాగింపుడు. 2.95 ప్రాంతమున వచ్చిన నెఫ్రైటు కావచ్చును, 3.3 ప్రాంతమున జేడైటు, 2.65 వచ్చిన స్ఫటికము. అంతకంటె దిగువ వచ్చిన సర్పెంటైను అని యనుమానింపవలెను. ఈ సూత్రమును ఆ యన్నకు తొమ్మిదవ తరగతిలో నేనే చెప్పించితిని. వాడు పరీక్షలో దప్పులేక వ్రాసెను. జీవితమున దానిని వాడవలసిన దినము వచ్చునని వానికి నేను చెప్పలేదు. ఆ లోపము నాది.

అయినను నిజమైన జేడు దొరకినంత మాత్రమున భయము లేదనుకొనరాదు. నెఫ్రైటు ట్రెమొలైటు–ఆక్టినొలైటు జాతిది. ఈ ఖనిజములే పీచురూపమున నున్నప్పుడు రాతినారలో జేరును. కావున స్ఫటికమైనను జేడైనను పొడిగా నఱగదీయరాదు. నీటిబొట్టు బిట్టు కొనపై నెడతెగక పడుచుండవలెను. తడి తుంపరలును ఆఱినపిమ్మట ధూళియే. కావున గాలిని బయటకు లాగు ఫ్యాను, ముఖమునకు సరిగా నంటుకొను ధూళిమాస్కు ఆవశ్యకములు. తువాలు మాస్కు గాదు. నేలను చీపురుతో నూడ్వక తడిగుడ్డతో దుడువవలెను. పనిబట్టలతో నింటిలోనికి బోయి పిల్లల నెత్తుకొనరాదు. నీరున్న చోట విద్యుత్తును వాడుచున్నాము గనుక, సరియైన యెర్తింగును, 30 మిల్లీయాంపియర్ల లీకేజికి నిలిచిపోవు బ్రేకరును లేనిదే స్విచ్చి వేయరాదు.

ముగింపు

ఆ యువకునకు నేను చెప్పినది యిది: "నాయనా! ఉన్న ధనమంతయు నొక్క యంత్రముపై బెట్టకుము. తడిగా గోయు చిన్న ఱంపపుయంత్రము, కాలిరెగ్యులేటరు గల వ్రేలాడు మోటారు, నీటిబొట్టు ఏర్పాటు, గాలిని లాగు ఫ్యాను, మంచి మాస్కు. ఈ యైదును సమకూడినపిమ్మట మిగిలినదానితో బిట్లు కొనుము. యంత్రము చిన్నదైన కొఱత లేదు. ఫ్యాను లేకున్న మాత్రము పని మొదలుపెట్టకుము." అతడు అట్లే చేసినాడు. వాని మొదటి పతకమున నారింజతొక్క గుంటలున్నవి, మూడవదాన లేవు.

పోషకులగు మహాశయులకు నాదొక విన్నపము. ప్రతి మహాసభయందును మనము శిల్పులకు శాలువలు కప్పుచున్నాము. ఆ గౌరవము నుండుగాక. కాని యా ధనములో గొంత భాగముతో నొక్క సమష్టి తడిపనిశాలను, అనగా నీరు, గాలి, వెలుతురు గల గదిలో నాలుగు మంచి యంత్రములను, ఏర్పఱచినచో యప్పు చేసి పొడియంత్రము గొనవలసిన యువకు డొక్కడును మిగులడు. దానితోడనే ఱాతిపని చేయు ప్రతివానికిని సంవత్సరమున కొకమాఱు ఊపిరితిత్తుల పరీక్ష చేయించు భారమును సంఘము వహింపవలెను. కాలితో జక్రము ద్రొక్కినవారి పేర్లు చరిత్రకు దక్కలేదు. మన కాలపు పనివారి పేర్లైనను, మెట్లెక్కలేనివారి పట్టికలో గాక, వారు చేసిన వస్తువులపై నిలువవలెనని నా కోరిక.

నా శిష్యుడు ఇప్పుడు తమ్ముని పనిశాల వాకిట, గాలి వచ్చు చోట గూర్చుండి, పూర్తియైన ప్రతి పతకమును బొటనవ్రేలితో దడవి, "ఇక్కడ 600 మఱల పట్టవలెను" అని చెప్పుచుండును. వాని వ్రేలు తప్పు చెప్పదు.

సంఘమునకును, సభ్యులెల్లరకును శుభమగుగాక.